అలసట ఎరగని పిల్ల

ఆట మొదలైన గంటకు మాలకొండయ్య మోకాళ్లు బరువెక్కాయి. ఇంకో అరగంటకు ఆ బరువు తొడల్లోకి పాకింది. ఆయన చేసిన పనేమీ లేదు. ఒంగోలులో ఒక కల్యాణమండపం వెనక గదిలో, కుర్చీలో కూర్చున్నాడు. అంతే.

గోడకు అవతల హాల్లో ఆయన కూతురు వకుళ జాతీయ మహిళా చదరంగం పోటీల్లో ఆఖరి రౌండు ఆడుతోంది. ఆమె మెడ వెనక, జుట్టు కింద, రూపాయి బిళ్లంత పట్టీ ఒకటి అంటించి ఉంది. దాని జోడు ఆయన మెడ మీద ఉంది. ఆమె ఆలోచించే కొద్దీ పుట్టే అలసట ఆమె ఒంట్లో నిలవదు. గోడ దాటి వచ్చి ఈయన ఒంట్లో దిగుతుంది. ఇట్లా కూర్చునేవాళ్లను మోతమనుషులంటారు. ఆడే ప్రతి మనిషికీ ఒక మోతమనిషి ఉండొచ్చని నిబంధన. పట్టీ ఎవరికీ ఆలోచన ఇవ్వదు, అలసట మాత్రమే తీసుకుంటుంది, కాబట్టి అది మోసం కిందికి రాదని సమాఖ్య పెద్దలు ఏనాడో తేల్చారు. ఆ తేల్చినవాళ్లలో ఒక్కడూ మోతకుర్చీలో కూర్చున్నవాడు కాదు.

మోతమనిషి బల్లను చూడకూడదు. ఆట ఎట్లా నడుస్తున్నదో ఆయన ఒళ్లే ఆయనకు చెప్పాలి. బరువు కాళ్లలో ఉంటే కూతురు తెలిసిన దారిలో నడుస్తున్నట్టు. మెడ నరాలు బిగిస్తే లోతుగా లెక్క వేస్తున్నట్టు. కళ్ల వెనక ఇసుక పోసినట్టుంటే గడియారంలో సమయం అయిపోవస్తున్నట్టు. ఈ లెక్క ఆయన భార్య పేరిందేవి చెప్పింది. తొమ్మిదేళ్ల మోతలో ఏడున్నరేళ్లు ఆమెవే.

గదిలో రెండో కుర్చీ ఖాళీగా ఉంది. ఎదుటి ఆటగత్తె గంధం ఎస్తేరుకు మోతమనిషి లేదు.

ఎస్తేరు అర పాయింటు వెనకబడి ఉంది. ఆమె గెలిచి తీరాలి. వకుళకు డ్రా అయినా చాలు, పతకం ఆమెదే. ఆ తర్వాత ప్రపంచ పోటీలు, పద్దెనిమిది ఆటలు. పద్దెనిమిదీ మొయ్యాలి. పోయిన నెల గుండె డాక్టరు కాగితాలన్నీ తిరగేసి, ఆ కుర్చీలో ఇంక కూర్చోవద్దని మాలకొండయ్యకు గట్టిగా చెప్పాడు. ఒక్క పెద్ద ఆట చాలన్నాడు ప్రాణం పోవడానికి. మాలకొండయ్య ఆ సంగతి కూతురికి చెప్పలేదు. చెప్పకుండా వచ్చి కూర్చున్నాడు.

పట్టీని మోతమనిషి ఎప్పుడైనా పీకేసుకోవచ్చు. అది అతని హక్కు. ఆట ముగిసేదాకా పీకేసిన సంగతి ఆడేవాళ్లకు చెప్పరు. కూర్చున్నప్పటినుంచీ ఆయన చెయ్యి నాలుగుసార్లు మెడ దాకా పోయి వెనక్కి వచ్చింది.

నర్సు వచ్చి నాడి పట్టుకుంది. ముఖం చిట్లించింది. లేచి నాలుగు అడుగులు వెయ్యమని చెప్పింది. మోసేవాడు నడిస్తే మోత తగ్గదని ఆయన అన్నాడు. అయినా లేచి గోడ దాకా వెళ్లి వచ్చాడు. కూర్చున్నాడు. మళ్లీ లేచాడు. ఆ గదిలో ఆయనకు ఎక్కడా కుదురు లేదు.

* * *

ఆ పట్టీ పుట్టిన చోట ఆయన పనిచేశాడు. ఊరవతల కొండ కింద ఉన్న పరిశోధనశాలలో ఆయన సామాన్ల గుమస్తాగా చేరి, యంత్రాల పని నేర్చుకుని, డాక్టర్ శరభయ్యకు కుడిచెయ్యి అయ్యాడు. శరభయ్య కనిపెట్టింది చిన్న సంగతే. అలసట కండల్లో పుట్టినా, ఆలోచనలో పుట్టినా, ఒంటికి అది తెలిసేది మెదడులో ఒక చోట. ఆ కబురును అక్కడ పట్టుకుని ఇంకో మెదడుకు చేరవేస్తే, పని ఒకరిది, అలుపు ఇంకొకరిది అవుతుంది.

రెండు బోనుల్లో రెండు ఎలకలను పెట్టారు. మొదటి ఎలక చక్రం తొక్కింది. పదకొండు గంటలు తొక్కినా ఆగలేదు. రెండో బోనులో ఎలకకు మేత ఉంది, నీళ్లున్నాయి, మెత్తటి పొట్టు ఉంది. అది ఆ పొట్టులో పడుకుని లేవలేదు. పంతొమ్మిదో రోజున చచ్చింది. ఒంటి మీద గాయం లేదు, లోపల రోగం లేదు. ఇంకొక దాన్ని పెట్టారు. అదీ చచ్చింది. మూడోదీ అంతే. రోజూ పొద్దున వాటిని తూకం వేసి పుస్తకంలో రాసేది మాలకొండయ్య. పని చేసి అలిసిన ఒళ్లు నిద్రపోతే తేరుకుంటుంది. పని చెయ్యకుండా అలిసిన ఒంటికి ఎంత నిద్రా సరిపోదు. ఆ మాట శరభయ్యే అన్నాడు, కిటికీలోంచి బయటికి చూస్తూ. మర్నాడు పుస్తకంలో మేత చెడిపోయి ఎలకలు చచ్చాయని రాయమన్నాడు. మాలకొండయ్య రాశాడు. పన్నెండు గంటలు ఆపరేషన్ చేసే డాక్టర్లకు పనికొస్తుందని తీసిన పట్టీ అది. డాక్టర్ల అలసట మొయ్యడానికి ఎవరూ ముందుకు రాలేదు. చదరంగం ఆడే పిల్లల అలసట మొయ్యడానికి తల్లులు వచ్చారు.

వకుళకు అప్పుడు పద్నాలుగేళ్లు. జిల్లా పోటీల్లో మూడు గంటలు బ్రహ్మాండంగా ఆడి, నాలుగో గంటలో తలనొప్పి వచ్చి ఓడిపోయేది. ఇంటికొచ్చి గోడ వైపు తిరిగి పడుకునేది. పట్టీ సంగతి మొగుడి నోట విని, నేను కూర్చుంటానంది పేరిందేవి. అంటించింది మాలకొండయ్యే. ఆమె జడ పక్కకు తీసి, మెడ తుడిచి, తన చేత్తో అంటించాడు. ఎలకలు మనిషి లాంటివి కావని తనకు తాను చెప్పుకున్నాడు. ఆమెకు ఏమీ చెప్పలేదు.

వకుళ గెలవడం మొదలుపెట్టింది. జిల్లా, రాష్ట్రం, దేశం. ప్రతి పోటీ తర్వాత పేరిందేవి మూడు రోజులు మంచం దిగేది కాదు. ఇరుగుపొరుగు నవ్వారు. ఆడబిడ్డ వచ్చి, కుర్చీలో కూర్చుని వచ్చిన మనిషికి ఇంత బద్ధకమా అని నలుగురిలో అంది. ఒకరోజు అన్నం వండలేదని మాలకొండయ్యే గిన్నె విసిరికొట్టాడు.

"ఏం చేశావని అలిసిపోయినావు?" అన్నాడు.

ఆమె లేచి, గోడ పట్టుకుని వంటింట్లోకి పోయి బియ్యం కడిగింది. ఆ మాట అన్నవాడికి అన్నీ తెలుసు. తెలిసే అన్నాడు.

ఏడాదిన్నర కిందట నెల్లూరు పోటీల్లో, ఏడో రౌండులో, పేరిందేవి కుర్చీలోనే పోయింది. కునుకు తీస్తున్నదనుకున్నారు. వకుళ గెలిచి వచ్చి తల్లి భుజం తట్టింది. అమ్మకు ముందునుంచే గుండె జబ్బు ఉందని, బయటపడనివ్వలేదని మాలకొండయ్య కూతురికి చెప్పాడు. వకుళ నమ్మింది. పెద్దకర్మ అయిన వారానికి పోటీల దరఖాస్తు తెచ్చి, మోతమనిషి పేరు దగ్గర ఖాళీ చూపించింది.

"కూర్చుంటావా నాన్నా? కాస్త నీరసంగా ఉంటదంట, అంతే."

ఆ పిల్ల రాక్షసి కాదు. పద్నాలుగో ఏటి నుంచి బల్ల ముందు ఒక్కసారైనా అలిసినది కాదు. ఎండ ఎరగనివాడికి నీడ ఏం తెలుస్తుంది? ఆయన సంతకం పెట్టాడు. కూతురి మీద ప్రేమతో పెట్టాడని చుట్టాలు మెచ్చుకున్నారు. పేరిందేవి కూర్చున్న కుర్చీలో కూర్చుని, ఆమె పోయినట్టే పోవాలని పెట్టిన సంతకం అది. అది ఎవరికీ చెప్పేది కాదు.

* * *

నాలుగున్నరకు మెడ నరాలు బిగిశాయి. లోతైన లెక్క. మాలకొండయ్య పళ్లు బిగబట్టి కుర్చీ చేతులు పట్టుకున్నాడు.

అప్పుడు తలుపు తీసుకుని ఎస్తేరు వచ్చింది. ఎత్తు తనది కానప్పుడు ఆడేవాళ్లు బల్ల దగ్గర్నించి లేచి తిరగొచ్చు. హాల్లో నీళ్లయిపోయాయట. నర్సు మొహం చూసి అనుమతి అడిగి, మూలనున్న క్యాను దగ్గరికి వెళ్లింది. ఇరవై ఆరేళ్ల మనిషి. చీరాల పిల్ల. కళ్ల కింద నల్లగా ఉంది. గ్లాసును రెండు చేతులతో పట్టుకుంది. ఆ అలసట ఆమె సొంతం. ఎనిమిదేళ్లుగా పోటీల్లో కలుస్తున్న మనిషి కాబట్టి మాలకొండయ్యను బాబాయ్ అంటుంది. జరుగుతున్న ఆట గురించి ఒక్క ముక్క మాట్లాడకూడదని నర్సు ముందే హెచ్చరించింది.

చెల్లెలు ఎట్లా ఉందని మాలకొండయ్య అడిగాడు. ఎస్తేరుకు ఇదివరకు మోసింది ఆ చెల్లెలే.

"మధ్యాన్నం దాకా లేవదు బాబాయ్. లేచినా కూకోనే ఉంటది. పంతొమ్మిదేళ్లకే ముసల్దయిపోయింది. అందుకే తీసేశా. ఓడిపోతే ఓడిపోతా." నీళ్లు తాగింది. "మీ అమ్మాయితో నాకు కష్టమేందో తెలుసా? ఆ పిల్లకి ఓడిపోటం కూడా వచ్చు. అలిసిపోటం రాదు. అలుపు వస్తే మనిషి ఆగుతాడు. ఆమెకి ఎక్కడ ఆగాలో తెలవదు."

ఎస్తేరు ఇంకో గ్లాసు నీళ్లు పట్టుకుంది.

"నెల్లూర్లో పిన్ని పోయిన రోజు ఎదర కూకుంది నేనే."

ఆయనకు ఆ సంగతి తెలుసు. తర్వాతది తెలియదు.

"రెండుసార్లు డ్రా అడిగినా. చెరో ఏనుగు, చెరో మూడు బంట్లు. ఎవురూ గెలవలేరు. ఆ రోజు డ్రా అయినా ఆమెకు చాలు, పైకి పోతది. వద్దంది. ఊరికే తిప్పింది, తిప్పింది. ఆఖర్న నేనే అలిసి తప్పు చేశా." ఎస్తేరు గ్లాసు బోర్లించింది. "ఆమె మొహంలో చెమట చుక్క లేదు బాబాయ్. నేను ఆమెతో ఆడలా. గోడ అవతలున్న పిన్నితో ఆడినా. ముందు నేను పడతానా, పిన్ని పడతదా అని."

నర్సు తలుపు దగ్గర్నించి దగ్గింది. ఎస్తేరు వెళ్లిపోయింది.

మాలకొండయ్య నిలబడ్డాడు. ఇన్నాళ్లూ ఆయన ఒక లెక్క పెట్టుకున్నాడు. పేరిందేవి చావుకు ఒక గెలుపు బదులని. కూతురికి కావలసిన గెలుపు కోసమే తల్లి పోయిందని. అది నీచమైన లెక్కే, అయినా పట్టుకుని బతకడానికి ఒక కొస. ఇప్పుడు ఆ కొస కూడా లేదు. ఆ గెలుపు అక్కర్లేదు. అవసరం లేని ఎత్తుల కోసం, ఊరికే తిప్పడానికి, పేరిందేవి చచ్చిపోయింది.

మెడ మళ్లీ బిగిసింది. గోడకు అవతల వకుళ ఇంకా లోతుకు పోతోంది. డ్రా చాలు ఆమెకు. ఒక్క మాట అని చెయ్యి చాపితే పతకం ఆమెది. అనదు. ఎందుకు అంటుంది? ఆమెకేం అలుపు లేదు కదా.

కళ్ల వెనక ఇసుక మొదలైంది. ఛాతీలో ఎడమవైపు ఏదో పిడికిలి పట్టి వదిలింది. నర్సు లేచి రెండడుగులు వేసింది. మాలకొండయ్య చెయ్యి ఈసారి వెనక్కి రాలేదు. పట్టీని గోటితో లేపి, చర్మంతో సహా పీకినట్టు పీకి, కుర్చీ మీద పడేశాడు.

అది కూతురి బాగు కోసం చేసిన పని కాదు. ప్రాణభయంతోనూ కాదు. కోపంతో చేశాడు. నర్సు సమయం చూసి కాగితంలో రాసుకుంది. అయిదుంపావు.

* * *

మిగిలిన ఆట ఆయనకు చెవిటివాడి ముందు కచేరీ అయింది. ఒంట్లోకి ఏ కబురూ రావడం లేదు. దిగిన బరువు దిగినట్టే ఉంది, కొత్తది లేదు. తలుపు దగ్గరికి వెళ్లాడు, నర్సు వద్దంది. కిటికీ దగ్గరికి వెళ్లాడు. బయట పార్కింగులో ఎవరో స్కూటరు స్టార్టు చెయ్యలేక తంటాలు పడుతున్నారు. మళ్లీ తలుపు దగ్గరికి వచ్చాడు. తీసిన పట్టీ మళ్లీ అంటించుకోవచ్చా అని అడిగాడు. ఒకసారి తీస్తే అంతేనని నర్సు చెప్పింది. అడిగినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

ఆరు దాటాక చప్పట్లు వినిపించాయి. సన్నగా, తడబడుతూ, కొట్టాలా వద్దా అన్నట్టు.

నర్సు వెళ్లి కనుక్కుని వచ్చింది. వకుళ ఆట వదిలేసిందట. రాజును పడుకోబెట్టి గడియారం ఆపేసిందట. చూస్తున్నవాళ్లంతా నోళ్లు తెరిచారట, ఎందుకంటే ఆమెకు ఒక బంటు ఎక్కువ ఉంది. గెలుపు కాకపోయినా డ్రా చేతిలో ఉంది. ఎస్తేరు చెయ్యి కలపకుండా, ఎందుకు వదిలేశావు, నీదే కదా పైచెయ్యి అని బల్ల దగ్గరే అడిగిందట. న్యాయనిర్ణేత ఒకటికి రెండుసార్లు అడిగి సంతకాలు చేయించుకున్నాడట. వదిలేసిన ఆట వదిలేసినట్టే. పతకం ఎస్తేరుది.

వకుళ గోడ పట్టుకుని వచ్చింది. తల్లి వంటింట్లోకి నడిచినట్టే నడిచింది. ఇరవై మూడేళ్ల పిల్ల. ముఖం పాలిపోయి, పెదాలు ఎండిపోయి ఉన్నాయి. ఖాళీగా ఉన్న రెండో కుర్చీలో కూలబడింది.

"నాన్నా, నాకేదో జబ్బు చేసింది. ఆస్పత్రికి పోదాం పద."

"జబ్బు కాదు," అన్నాడు మాలకొండయ్య. "అలిసిపోయినావు."

ఆమె తన చేతులు చూసుకుంది. వేళ్లు మడిచి, తెరిచి చూసింది.

"ఇదా?"

"ఇదే."

"నేను ఆట చెడిందనుకున్నా. ముందు బానే ఉంది. ఉన్నట్టుండి పావులన్నీ రాళ్లలాగా కనిపించినయ్. ఎటు చూసినా దారి లేదనిపించింది. బల్ల మీదే ఏదో తప్పు జరిగిపోయిందనుకున్నా. ఎంత వెతికినా ఆ తప్పు దొరకలా. దొరకని తప్పయితే ఇంక పెద్దదేలే అని వదిలేశా." మెడ వెనక తన పట్టీని తడుముకుంది. "నువ్వు పట్టీ తీసేశావా?"

"తీసేశా."

ఎందుకని అడగలేదు ఆమె. తల వెనక్కి వాల్చి, కళ్లు మూసుకుంది. అడిగింది వేరే.

"అమ్మకి ఇట్టాగే ఉండేదా?"

"దీనికి రెండింతలు. పడుకున్నా పొయ్యేది కాదు."

"ఊరికే కూకోటమే కదమ్మా అనేది నాతో."

"అట్టాగే అనేది."

మాలకొండయ్య నెల్లూరు మాట ఎత్తాడు. ఎస్తేరు రెండుసార్లు డ్రా అడిగిందట కదా అన్నాడు. గొంతు పెంచలేదు. పెంచాల్సిన పని లేదు. ఆడిన ప్రతి ఆటా, ప్రతి ఎత్తూ తలలో ఉంచుకునే పిల్ల ఆమె. వకుళ కళ్లు తెరిచింది. పెదాలు కదిలాయి. ఆయన చూస్తుండగానే ఆమె నెల్లూరు బల్ల దగ్గరికి పోయి, ఎత్తు మీద ఎత్తు మళ్లీ వేసుకుంటూ వచ్చింది.

"నలభై ఆరు," అంది. "రెండోసారి అడిగినాక ఇంకా నలభై ఆరు ఎత్తులు వేసినా. నాకేం అలుపు లేదు, ఎందుకు ఒప్పుకోవాలనుకున్నా." తండ్రి కుర్చీ మీద పడున్న పట్టీ వంక చూసింది. "నేనే చంపినా?"

ఆ ప్రశ్న అక్కడ వదిలేయవచ్చు. వదిలేస్తే తప్పంతా ఆ పిల్లదే అవుతుంది. మోసేవాళ్లు దొరికితే మోయించడం మాలకొండయ్యకు కొత్త కాదు. తొమ్మిదేళ్లు అదే పని చేశాడు. తలుపు దగ్గర నిర్వాహకుడు ఒకడు వచ్చి నిలబడి, బహుమతుల కార్యక్రమం మొదలవుతోందని, రెండో స్థానం వాళ్లు కూడా వేదిక మీదికి రావాలని చెప్పాడు. ఆగమని మాలకొండయ్య చెయ్యి చూపించాడు. అతను గొణుక్కుంటూ వెళ్లాడు.

"నువ్వు కాదు," అన్నాడు మాలకొండయ్య. "ఈ పట్టీ మనుషులకి పెట్టకముందు ఎలకలకి పెట్టినాం. మోసిన ఎలకలు చచ్చిపోయినయ్. మూడూ. మేత చెడి చచ్చినయ్యని పుస్తకంలో రాసింది నేనే. అమ్మకి గుండె జబ్బు లేదు. అది నేను కట్టిన మాట."

వకుళ ఆయన వైపు తిరిగింది.

"తెలిసే కూర్చోబెట్టినావా?"

"తెలిసే."

"అమ్మకి చెప్పినావా?"

"లేదు."

ఆమె ముఖంలోకి కోపం వచ్చింది. ఆయన చూశాడు. కనుబొమల మధ్యకు వచ్చి, దవడ దాకా దిగింది. ఆయన దానికోసమే కాచుకున్నాడు. ఏడాదిన్నరగా దానికోసమే ఆ కుర్చీలో కూర్చున్నాడు. తిట్టాలి, కొట్టాలి, నా కళ్లముందు ఉండొద్దనాలి. ఆమె చెయ్యి సగం లేచింది. లేచి, బరువుకు ఆగలేక, ఒళ్లోకి పడిపోయింది. కోపం రావడానికి కూడా ఒంట్లో ఇంత సత్తువ కావాలని ఆమెకు అప్పుడే తెలిసినట్టుంది. ఆ చేతి వంక వింతగా చూసుకుంది.

"ఇప్పుడు నావల్ల కాదు నాన్నా," అంది మెల్లగా. మాట ముద్దగా వస్తోంది. "రేపు లేచినాక అడుగుతా నిన్ను. అన్నీ అడుగుతా. ఎక్కడికీ పోబాకు."

మాట ముగుస్తూనే తల పక్కకు వాలింది. నోరు కొద్దిగా తెరుచుకుంది. ఆమె ఊపిరి పెద్దగా, బరువుగా వినిపించింది. పని చేసి అలిసిన మనిషి నిద్ర అది.

హాల్లో మైకులో ఎస్తేరు పేరు పిలిచారు. తర్వాత వకుళ పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. నర్సు లేపబోతే మాలకొండయ్య అడ్డం వెళ్లాడు. పిల్ల అలిసిపోయింది, పడుకోనివ్వమని చెప్పాడు.

తలుపు బార్లా తెరిచి ఉంది. ఆయన తన కుర్చీని ఆమె ఎదురుగా తిప్పుకుని కూర్చున్నాడు.